తెర మీది కవిత్వం ఎవరి అవసరం?

వికారాబాద్ జిల్లాలో తాండూరును ఆనుకుని ఉంటుంది యాలాల్ మండలం. కందులకూ నాపరాళ్లకూ పేరుపడిన నేల ఇది. కాస్త అవతలికి పోతే కర్ణాటక వస్తుంది. కాగ్నా నది కూడా అటే పారి భీమలో కలుస్తుంది. సేడం, చించోలి వైపు చుట్టరికాలున్న ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. అందుకే ఈ ప్రాంతపు చెవికి తెలుగు పద్యం, కన్నడ వచనం, ఉర్దూ గజల్ మూడూ తెలిసినవే. భావిగి భద్రేశ్వరస్వామి గుడి ఉన్న తాండూరుకు బసవన్నను ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. అయితే ఈ మూడు భాషల కవిత్వమూ ఇక్కడికి పుస్తకాల్లో వచ్చింది తక్కువ. భజన మైకులో వచ్చింది, పెళ్లి పందిట్లో వచ్చింది, రేడియోలో వచ్చింది, తాండూరు సినిమా హాల్లో వచ్చింది. గ్రంథాలయం లేని ఊళ్లకు తిక్కననూ పోతననూ కృష్ణశాస్త్రినీ శ్రీశ్రీనీ తీసుకొచ్చింది సినిమాయే. ఆ దారిలో కవిత్వానికి ఏం జరిగిందో, ఏది నిలిచిందో, ఏది రాలిపోయిందో ఒకసారి మొదటి నుంచి చూడాలనిపించింది.

సినిమా పాట కవిత్వమా కాదా అన్న వాదం దశాబ్దాలుగా నడుస్తోంది. దాన్ని మళ్లీ తెరవబోను. ఆ వాదంలో రెండు పక్షాలూ పాటను కాగితం మీద పెట్టి తూస్తాయి. తెర మీద కవిత ఒంటరిగా ఉండదు. దాన్ని ఒక మనిషి, ఒక సమయంలో, ఎదుట ఉన్న మరొకరితో అంటున్నాడు. ఇన్నేళ్లుగా విన్నదాన్ని బట్టి నాకు గట్టిగా తోచింది ఇది: కథలోని మనిషికి ఆ పద్యం తప్ప వేరే మాట దొరకని చోట కవిత్వం నిలిచింది. అలంకారంగా తగిలించిన చోట, రాసింది ఎంత గొప్ప కవి అయినా, వారం తిరిగేసరికి మరుపున పడింది.

మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకాన్ని సురభి వాళ్లు ఆడుతుంటే, దాన్నే తెరకెక్కించారు. పాటలు రాసింది ఖమ్మం ప్రాంతానికి చెందిన చందాల కేశవదాసు. అంటే తెలుగు సినిమాలోకి కవిత్వం కొత్తగా రాలేదు, నాటకరంగం నుంచి నడిచి వచ్చింది. రంగస్థలం మీద పద్యం బాగా కుదిరితే జనం 'వన్స్ మోర్' అనేవారు, నటుడు మళ్లీ పాడేవాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం 'హరిశ్చంద్ర' ఆడుతున్నప్పుడు కాటిసీనులో జాషువా శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరాయి. నాటకకర్త రాయని పద్యాలను నటులు తెచ్చి కలిపితే, జనం అవి లేని హరిశ్చంద్రను ఒప్పుకోని స్థితి వచ్చింది. కారణం సులభంగానే కనబడుతుంది. కాటికాపరిగా నిలబడ్డ రాజుకు చావు ముందు అందరూ సమానమని చెప్పే మాటలు కావాలి. జాషువా దగ్గర అవి సిద్ధంగా ఉన్నాయి. అంటరానితనం అనుభవించిన కవి రాసిన మాటలు కాబట్టి ఆ సన్నివేశంలో అవి మరింత బరువుగా పడ్డాయి. మన పల్లెల్లో యక్షగానం, చిరుతల రామాయణం చూసి పెరిగినవాళ్లకు పాత్ర నిలబడి దరువు అందుకోవడం వింత కాదు. సినిమాలో పద్యం మొదలైతే ఇక్కడి జనం కథ ఆగిందనుకోలేదు, కథ ముదిరిందనుకున్నారు.

దీనికి అన్నిటికంటే మంచి సాక్ష్యం 'నర్తనశాల' (1963). కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం, సముద్రాల రచన. ఉత్తర గోగ్రహణం ఘట్టంలో తిక్కన విరాటపర్వంలోని పద్యాన్ని తీసుకున్నారు. సన్నివేశం గుర్తు చేసుకోండి. ఉత్తరకుమారుడు భయంతో వణికిపోతున్నాడు. ఎదుట కౌరవసేన సముద్రంలా నిలిచింది. ఎవరు ఎవరో అతనికి తెలియదు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు ఒక్కొక్క జెండాను చూపించి ఇతను ఫలానా, అతను ఫలానా అని చెప్పాలి. ఆ పద్యం పని అదే. పదమూడో శతాబ్దంలో తిక్కన రాసినప్పుడే అది చూపుడువేలు ఉన్న పద్యం. వినేవాడు ఎదుట నిలబడి ఉన్నాడని తెలిసి రాసిన పద్యం. ఏడు వందల ఏళ్ల తర్వాత కెమెరాకు అది చాలా తేలిగ్గా ఒదిగిపోయింది. ఘంటసాల పాడిన తీరు చూడండి. రాగం తీయడానికి ఆయనకు కావలసినంత చోటు ఉంది. అయినా సమాసాన్ని అర్థం తెగే చోటే విరుస్తాడు. పద్యం అర్థం పూర్తిగా తెలియని మనిషికి కూడా ద్రోణుడి మీద గౌరవం, దుర్యోధనుడి మీద కోపం గొంతులోంచి తెలిసిపోతాయి. బడిలో విరాటపర్వం చదవనివాళ్ల నోట కూడా ఆ పద్యం ఆడుతున్నదంటే తిక్కనకు ఘంటసాల చేసిన ఉపకారం చిన్నది కాదు.

ఏవీఎం వారి 'భక్త ప్రహ్లాద' (1967)లో పోతన పద్యాలూ అలాంటివే. తండ్రి అడుగుతాడు, కొడుకు చెబుతాడు. ప్రతి పద్యం ఒక ప్రశ్నకు జవాబు. ఎస్వీ రంగారావు కంఠం అంత గంభీరంగా అడిగాక, రోజారమణి నోట సుశీల గొంతు అంత మెత్తగా బదులు పలికితే, భాగవతంలో పోతన పెట్టిన నాటకమంతా బయటికి వచ్చింది. పోతన పద్యాన్ని భక్తి కోసమే చదివేవాళ్లు ఆయన సంభాషణ చాతుర్యాన్ని గమనించకపోవచ్చు. ఈ సినిమా చూసినవాళ్ల కంటి నుంచి అది తప్పించుకోదు.

తిరుపతి వేంకట కవులది ఇంకో దారి. పాండవోద్యోగ విజయాల్లో వాళ్లు పద్యాన్ని రచ్చబండ మాటకు దగ్గరగా దింపారు. రాయబారం సీనులో కృష్ణుడి పద్యాలు పొలం గట్ల మీద కూడా వినిపించేవంటే వాటిలో ఉన్న వాడుక పలుకుబడే కారణం. 'శ్రీకృష్ణావతారం' (1967), 'దానవీరశూరకర్ణ' (1977) వాటినే వాడుకున్నాయి. ఆ తర్వాత పౌరాణికాలు తగ్గాయి, పద్యమూ వెళ్లిపోయింది. జనానికి పద్యం మీద మోజు తగ్గిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఘంటసాల 1974లో పోయాడు. మాధవపెద్ది సత్యం వంటి గాయకులు, నాటకాల్లో నలిగి వచ్చిన నటులు ఒక తరంగా వెనుదిరిగారు. పద్యం చెప్పగల నోళ్లు తగ్గిపోయాక పద్యం రాయించే ధైర్యం నిర్మాతకు ఎక్కడి నుంచి వస్తుంది? కరుణశ్రీ 'పుష్పవిలాపం' సినిమా కథ తోడు లేకుండానే ఘంటసాల రికార్డుగా ఇంటింటికీ వెళ్లింది. పువ్వు తన బాధ తానే చెప్పుకునే పద్యాలు అవి. అక్కడ కూడా మాట్లాడే పాత్ర ఉందన్నది గమనించాలి.

భావకవిత్వం సినిమాలోకి వచ్చిన కథ వేరు. గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' (1938) తీసేనాటికి బసవరాజు అప్పారావు చనిపోయి అయిదేళ్లు. ఆయన గీతాలు ఆ సినిమాలో వినిపించాయి. మరుసటి ఏడు 'రైతుబిడ్డ'తో కొసరాజు వచ్చాడు. పల్లె పదం పట్టుకుని చివరిదాకా వదల్లేదు. శంకరంబాడి సుందరాచారి 'దీనబంధు' (1942) కోసం తెలుగుతల్లి మీద ఒక గీతం రాస్తే సినిమావాళ్లు తీసుకోలేదు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో రికార్డుగా వెళ్లి అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైంది. సినిమా కాదన్నదాన్ని జనం ఔనన్న సందర్భాల్లో ఇది పెద్దది.

బి.ఎన్.రెడ్డి 'మల్లీశ్వరి' (1951)కి దేవులపల్లి కృష్ణశాస్త్రిని పిలవడం తెలుగు సినిమా చేసిన మంచి పనుల్లో ఒకటి. కవిగా అప్పటికే శిఖరం మీద ఉన్న మనిషి తన కవిత్వాన్ని తెచ్చి సినిమా మీద కుమ్మరించలేదు. చిన్న చిన్న మాటలు, పల్లెటూరి పిల్ల నోట పలికే మాటలు ఏరుకున్నాడు. రాణివాసం పల్లకీ మల్లిని తీసుకుపోయాక ఆమె ఒకచోట, నాగరాజు ఒకచోట. మధ్య కోటగోడలున్నాయి. అప్పుడు వాళ్లు మేఘంతో కబురు పంపుకుంటారు. కాళిదాసు నుంచి వచ్చిన ఊహే అది. ఉత్తరం రాయడానికీ మనిషిని పంపడానికీ వీల్లేని చోట మేఘాన్ని పిలవడం తప్ప వాళ్లకు దారి లేదు. భావకవులను ఎద్దేవా చేసినవాళ్లు మేఘం, వెన్నెల, విరహం అని నవ్వేవారు. 'మల్లీశ్వరి'లో ఆ మేఘానికి పని దొరికింది. ఘంటసాల, భానుమతి గొంతులు, సాలూరి రాజేశ్వరరావు బాణీ ఆ పనిని పూర్తి చేశాయి.

ముప్పై ఏళ్ల తర్వాత దాసరి నారాయణరావు 'మేఘసందేశం' (1982)లో ఇంకో అడుగు వేశాడు. నాగేశ్వరరావు పాత్ర రవీంద్రబాబు ఊళ్లో గౌరవం ఉన్న పెద్దమనిషి, లోలోపల కవి. అతని కవిత ఇంట్లో ఎవరికీ పట్టదు. ఆ కథలో కృష్ణశాస్త్రి గీతాలు పెట్టారు. 1925 నాటి 'కృష్ణపక్షం'లోని గీతం కూడా అందులో ఉంది. కవి 1980లోనే కన్నుమూశాడు. యాభై ఏడేళ్ల కిందటి కవిత కొత్త సినిమాకు సరిపోయిందంటే, రమేష్ నాయుడు సంగీతం, సుశీల గొంతు ఎంత కారణమో రవీంద్రబాబు ఒంటరితనం అంత కారణం. ఆ మనిషి ఆకులో పువ్వులో కలిసిపోవాలని ఎందుకు కోరుకుంటాడో అప్పటికే మనకు తెలుసు. పుస్తకంలో చదివితే కలగా ఉండే కోరిక తెర మీద ఒకరి జీవితమైంది. మిగతా పాటలు రాసిన వేటూరి కూడా ఆ గాలిని చెదరగొట్టకుండా జాగ్రత్తగా నడిచాడు.

శ్రీశ్రీకి 1950 రెండు రకాలుగా ముఖ్యమైన ఏడాది. 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చింది. అదే ఏడు 'ఆహుతి' డబ్బింగుకు ఆయన మాటలూ పాటలూ రాశాడు. పరభాషా నటుల పెదవుల కదలికకు తెలుగు మాట అతకడం ఎంత ఇరుకైన పనో ఊహించుకోండి. ఆ ఇరుకులోంచే ఆయన సినిమా పని నేర్చుకున్నాడు. 1955లో 'కన్యాశుల్కం' వచ్చింది. గురజాడ పూర్ణమ్మ కథా గీతమూ, 'మహాప్రస్థానం'లోని ఒక కవితా దానిలో పాటలయ్యాయి. పూర్ణమ్మ అక్కడ ఉండి తీరాలి. నాటకంలో నవ్వుతూ చూసిన ఆచారం ఎంతమంది పసిపిల్లలను మింగిందో ఆ గీతం చెబుతుంది, సినిమా మొత్తానికి అది వెన్నెముక. శ్రీశ్రీ కవిత మాత్రం నాకు అంతగా అతికినట్టు అనిపించదు. పాటగా అందంగానే ఉంది; ఆ కథకు అది లేకపోయినా లోటు తెలియదు.

తెలుగు సినిమాలో ఆధునిక కవిత్వాన్ని అత్యంత సరిగ్గా వాడింది 'ఆకలి రాజ్యం' (1981) అని నా అభిప్రాయం. బాలచందర్ అదే కథను అంతకు ముందు తమిళంలో తీశాడు. అందులో ఢిల్లీలో ఉద్యోగం దొరకని కుర్రాడు భారతియార్ కవితలు చదువుతుంటాడు. తెలుగులోకి వచ్చేసరికి భారతికి అనువాదం చేయించలేదు. ఆ కుర్రాడు తెలుగువాడైతే కడుపు కాలినప్పుడు ఎవరి మాటలు గుర్తొస్తాయి అని అడిగారు. శ్రీశ్రీ వచ్చాడు. ఆ నిర్ణయంలో ఎంత వివేకం ఉందో! కమల్ హాసన్ రంగా పాత్రకు శ్రీశ్రీ కవిత చదువుకోవడం సరదా కాదు. చేతిలో పైసా లేదు, ముందు దారి లేదు, నాన్న మాట పడదు. మిగిలిన ఆస్తి ఆ కవితలే. 1930ల నాటి ఆకలి మీద రాసిన మాటలు 1980ల నిరుద్యోగికి సరిపోవడం చూసి, 'మహాప్రస్థానం' ఎన్నడూ తెరవని కుర్రాళ్లు ఆ పుస్తకం వెతుక్కున్నారు.

హిందీలో దీనికి జోడుగా నిలిచేది గురుదత్ 'ప్యాసా' (1957). వేశ్యావాటిక మీద సాహిర్ లుధియాన్వీ అంతకు ముందే రాసిన నజ్మ్‌ను సినిమా కోసం తేలిక మాటల్లోకి మార్చుకున్నారు. కవే తన కవితను సడలించుకున్నాడు. కొందరు ఉర్దూ పండితులకు అది నచ్చకపోవచ్చు. కానీ ఆ వీధిలో తూలుతూ నడుస్తున్న కవి విజయ్ ఆ క్షణంలో కఠినమైన ఫార్సీ సమాసాలు పలికితే మనం అతణ్ని నమ్మేవాళ్లం కాదు.

'ఠాగూర్' (2003) పాట దగ్గర నాకు ఒక అసంతృప్తి ఉంది. ఎత్తుగడ శ్రీశ్రీది, మిగతాది సుద్దాల అశోక్‌తేజది. దానికి జాతీయ పురస్కారం వచ్చింది. 1974లో 'అల్లూరి సీతారామరాజు' పాటకు శ్రీశ్రీ తెచ్చిన మొదటి పురస్కారం తర్వాత, 1993లో 'మాతృదేవోభవ'కు వేటూరి తెచ్చినదాని తర్వాత తెలుగు పాటకు దక్కిన గౌరవం అది. అశోక్‌తేజ కలం బలమైనదే. అయితే శ్రీశ్రీ కవితలో మాట్లాడేది లోకాన్ని మార్చే పనిలో తానూ ఒక చిన్న పాలు పంచుకుంటానని ముందుకొచ్చే సామాన్యుడు. సినిమాలో ఆ సామాన్యుడి జాగాలో పెద్ద తార నిలబడ్డాడు. వినయంతో పుట్టిన మాట అక్కడ జయఘోషగా మారింది.

ఇక మన తెలంగాణ కవులు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక'తో జవాబిచ్చాడు. 354 మంది కవుల రచనలు అందులో ఉన్నాయి. కాని ఆ సంచిక ఎన్ని ఊళ్లకు చేరి ఉంటుంది? దాశరథి 1961లో 'వాగ్దానం', 'ఇద్దరు మిత్రులు'తోనూ, సి.నారాయణరెడ్డి 1962లో 'గులేబకావళి కథ'తోనూ సినిమాలకు రాసినప్పుడే తెలంగాణ కవి పేరు ప్రతి రేడియోలో మోగింది. ఇద్దరూ ఉర్దూ చదువు చదివినవాళ్లు. గాలిబ్‌ను తెలుగు చేసిన దాశరథి పాటలో గజల్ నడక లోపల్నుంచే ఉంటుంది. నిజాం జైల్లో కవిత్వం చెప్పిన మనిషి ప్రేమపాట రాస్తే మెత్తదనం వెనుక ఒక పట్టుదల వినిపిస్తుంది. సినారె సభలోనూ సినిమాలోనూ ఒకే చనువుతో మెలిగాడు, 'విశ్వంభర'కు జ్ఞానపీఠం అందుకున్నాడు. గుంటూరు శేషేంద్రశర్మ 'ముత్యాలముగ్గు' (1975)కు రాసిన ఒకే ఒక్క పాట ఇప్పటికీ కొత్తగా ఉంటుంది. ఇన్ని చెప్పాక ఒకటి చెప్పక తప్పదు. సినారె, దాశరథి పేర్లు వచ్చాయి, వాళ్ల ఊరి భాష రాలేదు. సినిమాకు అప్పుడు ఒకటే తెలుగు. యాలాల్‌లో అమ్మమ్మ మాట్లాడే తెలుగు ఆ పాటల్లో వినపడదు.

ఆ భాష ఇంకో దారిలో వచ్చింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా బి.నర్సింగరావు నిర్మించి, గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' 1980లో విడుదలైంది. దాంట్లోని రెండు పాటలు సినిమా కోసం పుట్టలేదు. సుద్దాల హనుమంతు పాట పశులగాసే పిల్లగాడి గురించి. సాయుధ పోరాటం రోజుల్లో ఊరూరా పాడుకున్నదే. యాదగిరి పాటను గద్దర్ తెర మీదికి వచ్చి పాడాడు. దొరలను, నిజామును నేరుగా నిలదీసే పాట అది. ఆ రెండు పాటలూ జనానికి అవసరమై పుట్టాయి, జనం నోట ముప్పై ఏళ్లు బతికాయి. కెమెరా వాటి దగ్గరికి వెళ్లింది. అందుకే ఆ సినిమాలో పాట వస్తున్నప్పుడు ఎవరూ పాట పాడుతున్నట్టుండదు, గుండెలో ఉన్నది చెబుతున్నట్టుంటుంది. హనుమంతు కొడుకే అశోక్‌తేజ. తండ్రి పాటను సినిమా వెతుక్కుంటూ పోయింది, కొడుకు సినిమాను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ మధ్య కాలంలో తెలుగు పాట స్థితి ఎంత మారిందో ఈ ఇద్దరి కథ చాలు చెప్పడానికి.

'రంగుల కల', 'ఒరేయ్ రిక్షా', 'కుబుసం', 'ఎర్ర సముద్రం' ఆ దారిలోనివి. 'కుబుసం' (2002)లో గోరటి వెంకన్న పాట పల్లె ఎందుకు ఏడుస్తున్నదో చెప్పింది. చేతివృత్తులు ఒక్కొక్కటే పోవడాన్ని అంత వివరంగా లెక్కపెట్టిన కవిత పుస్తకాల్లో కూడా తక్కువే. ఆయనకు 2021లో 'వల్లంకి తాళం' కవితా సంపుటికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పాట వేరు కవిత్వం వేరు అన్నవాళ్లకు ఇంతకంటే సమాధానం అక్కర్లేదు. 'ఎర్ర సముద్రం'లో అందెశ్రీ పాట వినిపించింది. ఆయన రాసిన మరో గీతం 2024లో తెలంగాణ రాష్ట్ర గీతంగా మోగింది.

'బలగం' (2023) చివరి పాట దగ్గర ఏడవనివాళ్లు మా వైపు లేరు. పక్షికి పెట్టడం, అది ముట్టకపోతే ఇంటిల్లిపాదీ దిగులుపడటం మాకు తెలిసిన బాధ. చనిపోయిన మనిషి బతుకును బుడగజంగాల మొగిలయ్య, కొమురమ్మ కథగా పాడుతుంటే కొట్లాడుకుంటున్న కొడుకులూ బిడ్డలూ వింటారు. కథలో ఎవరి మాటా వాళ్లకు ఎక్కలేదు. ఆ పాటే ఎక్కింది. పాత్రలకు కవిత అవసరం కావడమంటే ఇదే. సినిమా ఆ గాయకులను సంగీతం మధ్యలో పూసల్లా వాడుకోకుండా, వాళ్ల వాద్యాలతో, వాళ్ల పద్ధతిలో, వాళ్లకు కావలసినంత సేపు పాడనిచ్చింది. దర్శకుడు వేణు ఎల్దండి చూపిన ఆ ఓపికను నేను చాలా గౌరవిస్తాను. అదే సినిమాలో పల్లె పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ పురస్కారం దక్కింది.

ఉర్దూ వైపు చూస్తే మనకు పక్కింటివాడే ఉన్నాడు. మఖ్దూం మొహియుద్దీన్ పుట్టింది అందోలులో, ఇప్పటి సంగారెడ్డి జిల్లా. వికారాబాద్ జిల్లాకు ఇరుగుపొరుగు. ఆయన కవితలు 'ఉస్‌నే కహా థా' (1960), 'చా చా చా' (1964), 'గమన్' (1978), 'బాజార్' (1982) సినిమాల్లో వినిపించాయి. 'గమన్'లో ఊరు విడిచి బొంబాయిలో టాక్సీ నడిపే మనిషి, ఊళ్లో అతని కోసం ఎదురుచూసే భార్య. రాత్రంతా జ్ఞాపకం వెంటాడిందని చెప్పే మఖ్దూం గజల్ ఆ ఇద్దరి మధ్య వంతెనగా నిలిచింది. పాడిన ఛాయా గంగూలీకి జాతీయ పురస్కారం వచ్చింది. మన వైపు నుంచీ బొంబాయికి, పుణెకు పనులకు పోయినవాళ్లున్నారు. ఆ పాట వాళ్లదీ. 'బాజార్' హైదరాబాద్ కథ. పేద ముస్లిం ఆడపిల్లలను డబ్బున్న గల్ఫ్ వరులకు కట్టబెట్టే బేరం. ఇద్దరు చిన్నవాళ్లు పూల మీద, రాత్రి మీద మఖ్దూం రాసిన గజల్ పాడుకుంటారు. ఆ పిల్లకు తర్వాత ఏమవుతుందో తెలిశాక అదే గజల్ వింటే గొంతు పట్టుకుంటుంది. కార్మిక నాయకుడు రాసిన ప్రేమ కవితకు ఖయ్యాం సంగీతం, ఆ కథా తోడై కొత్త అర్థం ఇచ్చాయి. ఇంత ఉన్నా, మన దగ్గర ఆ పాట పాడుకునేవాళ్లలో ఎంతమందికి అది అందోలు మనిషిదని తెలుసు?

కన్నడం వాళ్లను చూసి నేర్చుకోవలసింది ఒకటుంది. పుట్టణ్ణ కణగాల్ 'బెళ్లి మోడ' (1967)లో బేంద్రే ఉదయ గీతాన్ని పెట్టాడు. కె.ఎస్.నరసింహస్వామి కవితా సంపుటి 'మైసూరు మల్లిగె' పేరుతోనే, ఆ కవితలే ఆధారంగా టి.ఎస్.నాగాభరణ 1992లో సినిమా తీశాడు. అలాంటి సాహసం తెలుగులో నాకు కనబడలేదు. 'ఎంకి పాటలు' చాలవా ఒక సినిమాకు? కన్నడ కవితకు సుగమ సంగీతమని సినిమాతో సంబంధం లేని ఇల్లు ఒకటి ఉంది. అక్కడ కవి పేరు ముందు చెబుతారు, తర్వాతే పాడతారు. తెలుగులోనూ బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు ఆకాశవాణిలో లలిత సంగీతంతో అలాంటి ఇల్లు కట్టారు. దాన్ని మనం నిలుపుకోలేకపోయాం. బరువంతా సినిమా మీద వేశాం.

కవే కథానాయకుడైన సినిమాల మీద నాకు పెద్ద మక్కువ లేదు. నాగయ్య నటించిన 'భక్త పోతన', 'యోగి వేమన' (1947) కె.వి.రెడ్డి తొలినాటి ప్రతిభకు గుర్తులు. వేమనలో అన్న కూతురు జ్యోతి చనిపోయాక ఆ మనిషి లోకాన్ని చూసే చూపు మారిపోవడం నిజంగా గొప్పగా ఉంటుంది. ఆ దుఃఖం నుంచే ఆటవెలది పుట్టిందని మనం నమ్ముతాం. చాలా చోట్ల మాత్రం మహిమలు కవిత్వాన్ని మింగేశాయి. పద్యం ఎలా పుడుతుందో చూపించడం కష్టమైన పని. కొరియా దర్శకుడు లీ చాంగ్-డాంగ్ 'పొయెట్రీ' (2010)లో మరుపు రోగం మొదలైన ఒక ముసలమ్మ ఒకే ఒక కవిత రాయడానికి సినిమా మొత్తం పడుతుంది. చివర్లో ఆ కవిత వినిపించేసరికి ప్రతి మాట వెనుక ఏముందో మనకు తెలుసు. వేణు ఊడుగుల 'విరాటపర్వం' (2022) ఆ దిశగా మంచి ప్రయత్నం. 'అరణ్య' అనే పేరుతో రాసే నక్సలైటు కవి పుస్తకం చదివి వెన్నెల ఇల్లు విడిచి అడవి దారి పడుతుంది. ఒక అమ్మాయి బతుకును కవిత తిప్పేయగలదని నమ్మి తీసిన సినిమా అది. కవిత్వం చదవడాన్ని ఇంత పెద్ద సంఘటనగా చూపిన తెలుగు సినిమాలు అరుదు.

ఇప్పటి పద్ధతి గురించి కొంచెం. ముందు బాణీ, తర్వాత మాట. దర్శకుడు సందర్భం చెబుతాడు, సంగీత దర్శకుడు ట్యూన్ ఇస్తాడు, కవి అక్షరాలు లెక్కపెట్టి నింపుతాడు. దీన్ని తప్పుపట్టేవాళ్లు ఛందస్సు కూడా ముందే ఉన్న కొలత అని మరిచిపోతున్నారు. 1936లో బ్రిటిష్ డాక్యుమెంటరీ 'నైట్ మెయిల్'కు ఆడెన్ రైలు చక్రాల లయకు తగ్గట్టు కవిత రాశాడు. అది ఇప్పటికీ బతికే ఉంది. బాణీ కొలతలోనే వేటూరి, సిరివెన్నెల సీతారామశాస్త్రి తమ లోకాలను కట్టారు. సిరివెన్నెల పోయాక ఆయన సమగ్ర సాహిత్యాన్ని సంపుటాలుగా తెచ్చే పనిని అమెరికా తెలుగువాళ్ల సంస్థ తానా భుజాన వేసుకుంది. నన్ను బాధపెట్టేది బాణీ కాదు, సందర్భం పలచబడటం. పాట ఎవరు పాడుతున్నారో, ఎందుకు పాడుతున్నారో దర్శకుడికే తెలియనప్పుడు కవి ఏం రాస్తాడు?

సందర్భం గట్టిగా ఉంటే పాట ఎలా నిలబడుతుందో చెప్పడానికి మా జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. క్రిష్ 'కొండపొలం' (2021) కథ సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల. కడప గొర్రెల కాపరులు మేత కోసం నల్లమల ఎక్కుతారు. చిత్రీకరణ మాత్రం వికారాబాద్ అడవుల్లో జరిగింది. మూసీ పుట్టిన కొండల పక్కన, మన చెట్ల కింద వాళ్లు గొర్రెలను తోలుకుపోయారు. ఆ సినిమా పాటకే చంద్రబోస్‌కు జాతీయ పురస్కారం వచ్చింది. ఆయనదే అయిన 'ఆర్ఆర్ఆర్' పాట ఆస్కార్ మోతలో దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అడవిలో నడవడం నేర్చుకుంటున్న ఒక కుర్రాడి ధైర్యం, చుట్టూ ఉన్న ప్రకృతి ఆ పాటకు ఆధారం. కథకు ఆ నడక అవసరం. కాబట్టి పాట నిలబడింది.

కవి పేరు సంగతి చెప్పి ముగిస్తాను. వివిధభారతిలో ప్రతి పాటకు ముందు చిత్రం పేరు, రచన ఎవరిదో, సంగీతం ఎవరిదో, పాడినవాళ్లు ఎవరో చెప్పేవారు. దాశరథి, ఆరుద్ర, ఆత్రేయ పేర్లు పల్లెల్లో అలాగే తెలిశాయి. ఈ రోజు ఫోనులో పాట పెడితే పాడినవారి పేరు, సంగీత దర్శకుడి పేరు కనబడతాయి. రాసినవాడి పేరు కోసం చాలాసార్లు వెతుక్కోవాలి. జానపదం పేరుతో వచ్చే పాటలకైతే ఆ వెతుకులాట కూడా దండగ. యాలాల్, తాండూరు, బషీరాబాద్, పెద్దేముల్ మండలాల్లో నాట్లప్పుడు, పెళ్లిలో, బతుకమ్మకు, చావు ఇంట్లో పాడే పాటలు ఎన్నో ఉన్నాయి. కన్నడం కలిసిన తెలుగులో, ఉర్దూ కలిసిన తెలుగులో ఉన్నాయి. ఏదో ఒక రోజు ఏదో ఒక సినిమా వాటి దగ్గరికి వస్తుంది, రావాలి కూడా. అంతకంటే ముందే బళ్లో చదువుకునే పిల్లలు ఫోన్లు పట్టుకుని వెళ్లి, పాడే అవ్వ పేరు, ఆమె ఎవరి దగ్గర నేర్చుకున్నదో, ఏ ఊరిదో, ఏ పని చేస్తూ పాడేదో పాటతో పాటు నమోదు చేసి పెట్టుకోవాలి. తెలుగు ఉపాధ్యాయులు ఒక ఎండాకాలం సెలవులకు ఈ పని అప్పగిస్తే చాలు, మొదలవుతుంది.